చవక చక్‌తో గట్టి పట్టు: చెక్క లేత్ మీద గిన్నె జారకుండా, ఊగకుండా ఏం చేయాలి?

"చక్ కొత్తది. చేతులు నొప్పి పుట్టేదాకా బిగించాను. అయినా గిన్నె లోపల తొలుస్తుంటే ఊడి ఎగిరిపోయింది." లేదా, "బాగానే పట్టుకుంటోంది కానీ, తీసి మళ్లీ పెడితే అవుట్ కొడుతోంది. వేరే చక్ కొనాలా?" చక్ అంటే లేత్ మీద చెక్కని పట్టుకుని తిప్పే బిగింపు. అవుట్ కొట్టడం అంటే మధ్యగీత తప్పి ఊగుతూ తిరగడం. చవక చక్ కొన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. చాలామందికి చెప్పాల్సిన జవాబు ఒక్కటే: ఇప్పుడే కొనకండి. ముందు మీ టెనన్ (చెక్క అడుగున వదిలే బొడిపె) ఎలా ఉందో చూడండి, తర్వాత చక్ స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు) మీద ఎలా కూర్చుందో చూడండి. చక్‌ని అనుమానించడం ఆఖర్న.

ఖరీదైన చక్‌లో డబ్బు ఎక్కువగా పోయేది ఫినిషింగ్‌కి. అంచులు నునుపుగా ఉంటాయి, స్లైడ్లు, అంటే చెక్కని పట్టే దవడల్ని (జాస్) మోసే ముక్కలు, లూజు లేకుండా జారతాయి, బోల్టులు మంచి ఉక్కువి. చవక రకంలో ఈ చివరి పనంతా వదిలేస్తారు. దాన్ని ఇంట్లో మనమే పూర్తి చేసుకోవచ్చు, ఒక పూట చాలు.

ఇక్కడ చెప్పేదంతా నాలుగు జాస్ ఒకేసారి కదిలే చెక్క పని చక్ గురించి. ఇనుము పని లేత్‌కి వాడే మూడు జాస్ చక్ చవగ్గా దొరికిందని దాన్ని చెక్కకి తగిలించుకోకండి. బరువెక్కువ, జాస్ బయటికి పొడుచుకొస్తాయి, చెక్కని మూడు చోట్ల నొక్కి గుంటలు పెడుతుంది తప్ప చుట్టూ పట్టదు.

కావలసినవి

- చక్‌తో వచ్చిన తాళం (చక్‌ని తెరిచి మూసే కీ), లేదా రెండు కడ్డీలు. జాస్ బోల్టులకి సరిపోయే అలెన్ కీ
- కిరోసిన్, పాత టూత్‌బ్రష్, పాత గుడ్డలు
- సన్నటి ఆకురాయి, 400 నంబర్ ఎమిరీ కాగితం
- వెర్నియర్ కాలిపర్
- డయల్ గేజ్ (ఊగు ఎంత ఉందో ముల్లుతో చూపించే కొలత పరికరం) ఉంటే మంచిది. లేకపోతే పెన్సిల్‌తో సరిపెట్టుకోవచ్చు, ఎలాగో చెబుతాను
- పర్మనెంట్ మార్కర్
- ప్రయోగానికి పనికిరాని చెక్క ముక్కలు రెండు మూడు
- ముఖమంతా కప్పే ఫేస్ షీల్డ్. కళ్లద్దాలు మాత్రమే చాలవు

1. విప్పండి, కడగండి

కొత్త చక్ లోపల ఉండే జిగురు గ్రీజు తుప్పు పట్టకుండా పూసింది, నడవడానికి కాదు. చెక్క పొడి దానికి అంటుకుంటే ముద్దలా గట్టిపడుతుంది.

జాస్‌కి ఉన్న బోల్టులు తీసి, జాస్ పక్కన పెట్టండి. తాళం తిప్పుతూ స్లైడ్లు పూర్తిగా బయటికి వచ్చేదాకా తెరవండి. వెనక ప్లేటు స్క్రూలతోనో సర్‌క్లిప్‌తోనో (స్ప్రింగు రింగు) ఉంటే అదీ తీయొచ్చు. అలా విప్పే వీలు లేని రకమైతే బలవంతం చేయకండి, స్లైడ్లు తీస్తే పని దాదాపు అయిపోయినట్టే.

అన్నిటినీ కిరోసిన్‌లో బ్రష్‌తో రుద్దండి. స్క్రోల్ (స్లైడ్లని కదిపే, చుట్టలు చుట్టిన గాడి ఉన్న పలక) గాడిని చుట్టంతా చూడండి. స్లైడ్ పళ్ల మధ్య, స్క్రోల్ గాడి అడుగున తల వెంట్రుకంత సన్నటి ఇనుప రజను చుట్టలు ఇరుక్కుని ఉంటాయి. గోటితో లాగితే స్ప్రింగులా సాగుతూ వస్తాయి. తాళం తిప్పుతుంటే ఒక చోట పట్టేసి, మళ్లీ వదులవుతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

తర్వాత స్లైడ్ల అంచుల మీద వేలు తేలిగ్గా జరపండి. గుచ్చుకుంటే అక్కడ బర్ ఉంది. ఆకురాయితో ఒకటి రెండు సార్లు తాకించి తీసేయండి. ఇక్కడ జాగ్రత్త: తీయాల్సింది అంచు మీద లేచిన ముల్లుని మాత్రమే. స్లైడ్ జారే చదును ముఖాల్ని అరగదీస్తే లూజు పెరుగుతుంది, దాన్ని మళ్లీ పూడ్చలేరు.

జాస్ బయటి మూలలు కత్తిలా ఉంటే వాటిని కొంచెం గుండ్రంగా రాయండి. వేలు తగిలినప్పుడు చర్మం తెగకుండా ఉంటుంది. చెక్కని పట్టే లోపలి అంచు జోలికి మాత్రం పోకండి.

ఆరాక, స్క్రోల్ మీద పలుచగా మెషిన్ ఆయిల్ రాసి, గుడ్డతో తుడిచేయండి. డ్రై లూబ్ స్ప్రే ఉంటే ఇంకా నయం. గ్రీజు వద్దు.

2. స్లైడ్లు వరసలో ఎక్కించండి

స్లైడ్ల మీద 1, 2, 3, 4 అంకెలు ఉంటాయి. చక్ బాడీ మీద గాడుల దగ్గర కూడా. అంకెలు లేకపోతే విప్పేముందే మార్కర్‌తో రాసుకోవాలి.

స్క్రోల్ తిప్పుతూ, దాని మొదలు కొస 1వ గాడిలో కనపడేదాకా రండి. కొంచెం వెనక్కి తిప్పి 1వ స్లైడ్ పెట్టి నొక్కి, మూసే దిశలో తిప్పండి. పట్టుకుంటుంది. కొస 2వ గాడికి రాగానే 2వ స్లైడ్. ఇలా నాలుగూ. ఒకటి ఆలస్యంగా పెట్టినా స్క్రోల్ ఒక చుట్టు దాటిపోతుంది.

సరిచూసుకోవడం తేలిక: పూర్తిగా మూయండి. నాలుగూ ఒకేసారి మధ్యలో కలవాలి. ఒకటి వెనకబడితే తీసి మళ్లీ మొదటినుంచి.

ఇంకో పని కూడా ఇప్పుడే చేయండి. చవక చక్‌లు కొన్నిటిలో స్లైడ్ హద్దు దాటకుండా ఆపే పిన్ ఉండదు. తెరుస్తూ పోతే స్లైడ్ స్క్రోల్‌ని వదిలేస్తుంది. లేత్ తిరుగుతుండగా అలా వదిలితే అది తూటాయే. ఎక్కడ వదులుతుందో చూసి, దానికి చాలా ముందే స్లైడ్ మీద ఎర్ర పెయింట్ గీత పెట్టుకోండి. నా లెక్క ప్రకారం స్లైడ్‌లో కనీసం సగం బాడీ లోపల ఉండాలి. గీత బయటపడిందంటే ఆ పనికి వేరే సైజు జాస్ కావాలని అర్థం.

3. స్పిండిల్ మీద సరిగ్గా కూర్చోబెట్టండి

ముందుగా మీ స్పిండిల్ మర ఏదో చూసుకోండి. ఎక్కువగా కనపడేవి 1 అంగుళం 8 టీపీఐ (అంగుళానికి 8 పళ్లు), ఎం33 3.5 పిచ్ (33 మి.మీ. వ్యాసం, పళ్ల మధ్య 3.5 మి.మీ.). చిన్న లేత్‌ల మీద 3/4 అంగుళం 16 టీపీఐ కూడా ఉంటుంది. దగ్గరి సైజు కదా అని బలవంతంగా ఎక్కిస్తే రెండు మరలూ పోతాయి.

చక్‌ని మధ్యలో నిలబెట్టేది మర కాదు. మరలో ఎప్పుడూ కొంత లూజు ఉంటుంది. స్పిండిల్ మీద మర అయిపోయిన చోట ఉండే చదును భుజానికి చక్ వెనక ముఖం పూర్తిగా ఆనాలి. నిటారుగా నిలబెట్టేది అదే. కాబట్టి:

- రెండు మరల్నీ బ్రష్‌తో తుడవండి. లోపల పొట్టు ఉండకూడదు.
- భుజం మీదా, చక్ వెనక ముఖం మీదా దెబ్బ తగిలి లేచిన చోట్లుంటే ఆకురాయితో చదును చేయండి.
- చేత్తో తిప్పి ఎక్కించండి. చివర్లో టక్కున ఆగాలి. మెత్తగా, సాగుతున్నట్టు ఆగితే మధ్యలో ఏదో అడ్డుంది.
- మార్చుకునే అడాప్టర్ (స్పిండిల్ మరకి సరిపోయేలా చక్ లోపల బిగించే ముక్క) ఉన్న చక్ అయితే ఆ అడాప్టర్ కూడా చక్ లోపల అడుగుదాకా చేరిందో లేదో చూడండి. చాలామంది ఈ జాయింటుని మర్చిపోతారు. అవుట్ కొట్టే చవక చక్‌లలో నేను మొదట విప్పి చూసేది దీన్నే.

చక్ స్పిండిల్‌కి బిగుసుకుపోయి రాకపోతే చిరాకే. అందుకని మధ్యలో పలుచటి ప్లాస్టిక్ వాషర్ వేసేవాళ్లున్నారు. వేయొచ్చు, కానీ ఒకే మందం ఉన్న షీట్ నుంచి కత్తిరించింది అయ్యుండాలి. అట్ట ముక్క, తోలు పనికిరావు, అవి ఒకవైపు ఎక్కువ నలుగుతాయి. వాషర్ లేకుండా డయల్ ఎంత చూపిస్తుందో ముందు రాసుకుని, వేశాక మళ్లీ కొలవండి. తేడా వస్తే తీసేయండి.

వెనక్కి తిప్పి ఇసుక కాగితం పట్టే అలవాటుంటే చక్‌కి లాక్ చేసే చిన్న స్క్రూ ఉందో లేదో చూడండి. లేకపోతే రివర్స్ జోలికి వెళ్లకండి. మర విప్పుకుని చక్ మొత్తం ఒళ్లో పడుతుంది.

4. అవుట్ ఎంత ఉందో కొలవండి

డయల్ ముల్లు ముందు స్పిండిల్ భుజం మీద పెట్టి చేత్తో తిప్పండి. ఇక్కడే 0.05 మి.మీ. కన్నా ఎక్కువ కదిలితే తప్పు లేత్‌ది. బేరింగులు చూసుకోవాలి, చక్ మార్చి ప్రయోజనం లేదు. తర్వాత చక్ బాడీ మీద పెట్టి చూడండి. 0.1 మి.మీ. లోపు ఉంటే చెక్క పనికి హాయిగా సరిపోతుంది.

డయల్ లేనివాళ్లు: టూల్ రెస్ట్ (ఉలి ఆనించే కడ్డీ) మీద పెన్సిల్ ఆనించి, తక్కువ వేగంతో తిరిగే చక్ బాడీకి (జాస్‌కి కాదు) మెల్లగా దగ్గరికి తీసుకెళ్లండి. గీత చుట్టూ పడితే బాగుంది. ఒకవైపే పడితే అటు ఎత్తుగా ఉంది. చక్ తీసి, తుడిచి, మళ్లీ ఎక్కించి చూడండి. గీత ప్రతిసారీ వేరే చోట పడుతోందంటే మధ్యలో చెత్త ఉంది. ఎప్పుడూ ఒకే చోట పడితేనే అది చక్‌లో ఉన్న లోపం.

ఈ అంకెల గురించి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. చెక్కని చక్‌లో పట్టించాక మీరు తిప్పి చెక్కేదంతా స్పిండిల్ మధ్యగీత చుట్టూనే వస్తుంది. చక్ కొంచెం అవుటున్నా ఆ గిన్నె గుండ్రంగానే వస్తుంది. అవుట్ బయటపడేది దాన్ని తీసి మళ్లీ పెట్టినప్పుడే. అప్పుడు కూడా జాస్ కింద చెక్క నలగడం వల్ల వచ్చే తేడా ముందు మంచి చక్ చూపించే తేడా చిన్నదే.

5. జాస్ బిగించండి

జాస్ మీద కూడా అంకెలుంటాయి. 1వ స్లైడ్ మీద 1వ జా. వేర్వేరు సెట్ల జాస్ కలపకండి. నాలుగూ ఒకే చక్రం నుంచి కోసినవి, వేరే సెట్‌లోది ఎత్తులో కొంచెం తేడాగా ఉంటుంది.

కూర్చునే చోటు తుడిచి, బోల్టులన్నీ వేలితో తిరిగినంతవరకే పెట్టండి. చక్ మూసి జాస్ ఒకదానికొకటి తేలిగ్గా ఆనేలా చేయండి. అప్పుడు బోల్టులు కొద్దికొద్దిగా, ఎదురెదురుగా బిగించండి. ఒక జాని పూర్తిగా బిగించేసి తర్వాతదానికి వెళితే అది కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటుంది.

చవక చక్ బోల్టుల తలలు మెత్తగా ఉండి, రెండు మూడు సార్లకే అలెన్ కీ జారిపోతుంది. వీటిని మార్చడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే మంచి పని. 12.9 గ్రేడ్ (బాగా గట్టి ఉక్కు) బోల్టులు తీసుకోండి. అదే మర, అదే తల ఆకారం, అదే పొడవు. పొడవు ఎక్కువైతే బోల్టు కొస స్లైడ్ దాటి స్క్రోల్‌ని తాకుతుంది. కొత్త బోల్టులు వేశాక చక్ పూర్తిగా తెరిచి మూసి, ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి.

6. మీ జాస్ ఎక్కడ గుండ్రమో కనుక్కోండి

ఇది ఎవరూ చేయరు. చేసినవాళ్లు మళ్లీ ఈ ప్రశ్నలు అడగరు.

జాస్ చేసేటప్పుడు గుండ్రటి చక్రాన్ని తొలిచి, నాలుగు ముక్కలుగా కోస్తారు. కోతలో పోయినంత ఖాళీ జాస్ మధ్య ఉన్నప్పుడు మాత్రమే అవి నిజమైన వృత్తం. మామూలుగా ఆ ఖాళీ 2, 3 మి.మీ. ఉంటుంది. అంతకంటే తెరిస్తే ఒక్కో జా తన రెండు మూలలతోనే చెక్కని తాకుతుంది, అంటే మొత్తం ఎనిమిది చోట్ల. అంతకంటే మూస్తే ఒక్కో జా నడుమ మాత్రమే తాకుతుంది, నాలుగే చోట్ల. అన్నిటికన్నా బలహీనమైన పట్టు అదే.

రెండున్నర మి.మీ. డ్రిల్ బిట్ వెనక భాగాన్ని జాస్ మధ్య పెట్టి మూయండి. ఎదురెదురు జాస్ లోపలి దూరం వెర్నియర్‌తో కొలవండి. ఆ అంకెను చక్ పెట్టె మీద రాసుకోండి. మీ టెనన్ దానికి సమానంగానో, 1, 2 మి.మీ. ఎక్కువగానో ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు.

సరిచూడటానికి: పనికిరాని ముక్క మీద ఆ కొలతకి టెనన్ చేయండి. జాస్ లోపలి అంచులకి మార్కర్ రాసి, రంగు ఆరకముందే ఆ ముక్కని బిగించి తీయండి. టెనన్ చుట్టూ రంగు నాలుగు పొడుగాటి పట్టీలుగా పడితే కొలత సరిపోయింది. ఎనిమిది చుక్కలు పడితే టెనన్ పెద్దది, నాలుగు చుక్కలైతే చిన్నది. చుక్కలు ఒకవైపే ముదురుగా ఉంటే ఏదో ఒక జా సరిగ్గా కూర్చోలేదు, 5వ మెట్టుకి వెళ్లండి.

7. టెనన్: అసలు పట్టు ఇక్కడే

చక్ పట్టుకోవడానికి చెక్క అడుగున వదిలే బొడిపె ఇది. గిన్నెలు ఊడిపోవడానికి చాలావరకు కారణం దీని ఆకారమే. నాలుగు విషయాలు చూసుకోవాలి.

*వాలు.* మీ జాస్ లోపలి అంచు నిటారుగా ఉందా, డవ్‌టెయిల్‌లా లోపలికి వాలి ఉందా? టెనన్ కూడా అలాగే ఉండాలి. నిటారు టెనన్‌ని డవ్‌టెయిల్ జాస్‌లో పెడితే జా కొస ఒక్కటే సన్నటి గీతలా పట్టుకుంటుంది. చవక చక్‌ల మీద ఈ వాలు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, పుస్తకంలో కోణం చూసి చేస్తే కుదరదు. అట్ట ముక్కని జాకి ఆనించి గీసి, కత్తిరించి, దాన్నే కొలతగా వాడండి.

*ఎత్తు.* టెనన్ కొస చక్ అడుగుని తాకకూడదు. తాకిందంటే చెక్క అడుగు మీద నిలబడి ఊగుతుంది, భుజం గాల్లో ఉంటుంది. జా లోతు కొలిచి, దానికన్నా 2 మి.మీ. తక్కువ పెట్టండి. మామూలు గిన్నెకి 6 నుంచి 10 మి.మీ. చాలు.

*భుజం.* టెనన్ పక్కన చదునుగా ఉండే భాగం జాస్ పై ముఖానికి చుట్టూ ఆనాలి. గిన్నెని వంగకుండా ఆపేది భుజమే, టెనన్ దాన్ని లాగి పట్టుకుంటుందంతే. భుజం వెడల్పు కనీసం జాస్ ముఖమంత ఉండాలి. చదునుకన్నా మధ్యవైపు అర మి.మీ. లోపలికి వాలితే ఇంకా మంచిది, అప్పుడు బయటి అంచు తప్పకుండా ఆనుతుంది.

*మూల.* టెనన్, భుజం కలిసే చోట మూల పదునుగా ఉండాలి. గౌజ్‌తో (గుండ్రటి ఉలి) చేస్తే అక్కడ సన్నటి గుండ్రం మిగిలిపోతుంది. కంటికి కనపడదు కానీ జా కొస దాని మీదికెక్కి భుజాన్ని పైకి లేపుతుంది. మొనదేరిన ఉలితో ఆ మూలని శుభ్రంగా తీయండి. ఇంత గట్టిగా బిగించినా ఎందుకు ఊగుతోందో తెలియక తల పట్టుకునేవాళ్లలో చాలామందికి సమాధానం ఈ మూలలోనే ఉంది.

వ్యాసం విషయానికొస్తే, గిన్నె వ్యాసంలో మూడో వంతు ఉంటే నిశ్చింత. 150 మి.మీ. గిన్నెకి 50. అంటే చక్‌తో వచ్చిన మామూలు జాస్‌తో 300 మి.మీ. పళ్లెం తిప్పుదామంటే ఆలోచించాలి. ఫేస్‌ప్లేట్ (చెక్కని స్క్రూలతో బిగించే పలక) వాడండి, లేదా పెద్ద జాస్ తెచ్చుకోండి.

టెనన్ వచ్చే చోట బెరడు, పగులు, దుంగ నడి గుజ్జు, మెత్తటి పైచెక్క ఉంటే అక్కడ చేయకండి. ముక్క మరీ బాగుండి వదల్లేకపోతే, అడుగు చదును చేసి, గట్టి చెక్క దిమ్మని జిగురుతో అతికించి ఒక రోజంతా ఆరనిచ్చి, దాని మీద టెనన్ చేయండి.

8. బిగించే పద్ధతి

1. జాస్‌ని టెనన్‌కి తాకేంతవరకే మూయండి.
2. టైల్‌స్టాక్‌తో (లేత్ రెండో చివర ఉండే, మొనతో నొక్కే భాగం) చెక్కని జాస్ మీదికి నొక్కండి. గాల్లో చేత్తో పట్టుకుని బిగిస్తే భుజం ఒకవైపు లేచి ఉంటుంది.
3. తాళం రంధ్రాలు రెండుంటే రెండిట్లోనూ మార్చి మార్చి బిగించండి.
4. భుజానికీ జాస్‌కీ మధ్య కాగితం ముక్క దూర్చి చూడండి. చుట్టూ ఎక్కడా దూరకూడదు.
5. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొంచెం బిగించండి. చెక్క నలిగి చోటిస్తుంది. పచ్చి చెక్కయితే పని మధ్యలో కూడా రెండు మూడు సార్లు చూడాలి.
6. తాళం తీసేయండి. తీశాక చేయి ఖాళీ అయిందో లేదో చూసుకోండి. తాళం చక్‌లోనే ఉండగా మోటార్ వేయడం చాలా ప్రమాదం.

తాళానికి పైపు తొడిగి బిగించకండి. చవక చక్‌లో తాళం తిప్పే చిన్న పళ్ల చక్రమే ముందు విరిగేది. అంత బలం పెట్టాల్సి వస్తోందంటే టెనన్ తప్పుగా ఉంది.

కడ్డీలతో బిగించే రకం చక్ చెడ్డదేం కాదు. లోపల పళ్ల చక్రాలు లేవు కాబట్టి పాడవడానికీ ఏమీ లేదు. కాకపోతే రెండు చేతులూ కావాలి, చెక్కని పట్టుకోవడానికి మూడో చేయి ఉండదు. టైల్‌స్టాక్ ఆ మూడో చేయి. విప్పేటప్పుడు జాస్‌కి బదులు చక్ మొత్తం స్పిండిల్ నుంచి విప్పుకుని రాకుండా, ఒక కడ్డీ బాడీకి, రెండోది స్క్రోల్ రింగుకి పెట్టి ఎదురెదురుగా లాగాలి.

9. మోటార్ వేసే ముందు, వేశాక

చేత్తో ఒక చుట్టు తిప్పి, టూల్ రెస్ట్‌కి ఏదీ తగలడం లేదని చూడండి. వేగం అన్నిటికన్నా తక్కువలో పెట్టి, చెక్క తిరిగే వరసలో కాకుండా పక్కన నిలబడి స్విచ్ వేయండి. గుండ్రం అయ్యేదాకా టైల్‌స్టాక్ తీయకండి.

వేగానికి వాడుకలో ఉన్న లెక్క: అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1,125 అన్నమాట. ఇది బాగా సమతూకంలో ఉన్న చెక్కకి. చవక చక్ మీద, కొత్త చేతికి, కింది అంకె దగ్గరే ఉండమంటాను. గిన్నె అంచుని పట్టే రబ్బరు ముళ్ల పెద్ద జాస్ వాడుతుంటే ఈ లెక్క వర్తించదు, వాటిని 600 దాటించకండి.

కోతలో శబ్దం వింటూ ఉండండి. సాఫీగా సాగే సర్రుమనే శబ్దం మధ్యలో టిక్ టిక్‌మని మొదలైతే వెంటనే ఆపండి. టెనన్ జారడం మొదలైనప్పుడు వినపడే మొదటి గుర్తు అదే. మరోసారి బిగించి కొనసాగించే ముందు చెక్కని బయటికి తీసి చూడండి. టెనన్ మూల దగ్గర తెల్లటి గీతలా చీలిక కనపడితే ఆ టెనన్ పని అయిపోయింది, చెక్కేసి కొత్తది చేయాలి.

10. టెనన్ వద్దనుకుంటే: గుంటలో తెరిచి పట్టడం

అడుగున గుంట తీసి, జాస్‌ని లోపల తెరిచి బిగించడం రెండో దారి. అడుగు పలుచగా ఉండే పళ్లేలకి బాగుంటుంది, తర్వాత చెక్కేయాల్సిన బొడిపె ఉండదు.

గుంట వ్యాసం పూర్తిగా మూసిన జాస్ బయటి వ్యాసం కన్నా 3, 4 మి.మీ. మాత్రమే ఎక్కువ ఉండాలి. ఇంకా పెద్దదైతే ఒక్కో జా నడుమ మాత్రమే ఆని, చెక్కని నాలుగు చోట్ల చీలుస్తుంది. లోతు 4, 5 మి.మీ. చాలు. గుంట చుట్టూ కనీసం 25 మి.మీ. చెక్క ఉండాలి. ఇక్కడ బిగింపు అంటే చెక్కని బయటికి తోయడమే కాబట్టి చేయి తేలిగ్గా పెట్టండి. పీచు తేలిగ్గా చీలే చెక్కకి ఈ దారి నేను సిఫారసు చేయను.

11. తీసి మళ్లీ పెట్టేటప్పుడు

తీసే ముందు 1వ జా ఎదురుగా చెక్క మీద పెన్సిల్ గుర్తు పెట్టండి. మళ్లీ అదే చోట పెట్టాలి. జాస్ చేసిన నొక్కుల్లోనే జాస్ కూర్చుంటాయి, అవుట్ చాలావరకు పోతుంది. ఆ నొక్కుల్ని శుభ్రం చేద్దామని ఇసుక కాగితం పట్టించకండి.

టెనన్ మీద టైల్‌స్టాక్ మొన గుచ్చిన చుక్కని కూడా చెరపకండి. పచ్చి చెక్క ఆరితే టెనన్ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఏ చక్‌తోనూ అది సరిగ్గా తిరగదు. అప్పుడు గిన్నె లోపలి వైపుని చక్‌లో బిగించిన చెక్క దిమ్మకి ఆనించి, ఆ చుక్కలో టైల్‌స్టాక్ పెట్టి, టెనన్‌ని మళ్లీ గుండ్రంగా తిప్పుకోవాలి. అందుకే పచ్చి చెక్క మీద మొదటి టెనన్ కాస్త పెద్దదిగానే వదలండి.

ఇవన్నీ చేసినా కుదరకపోతే

- *ఒక జా మాత్రం ఎప్పుడూ లూజుగా ఉంది.* జాని వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి. బోల్టు బిగువుగా ఉండి కూడా స్లైడ్‌తో సహా ఆడుతుంటే, చెక్కని పట్టినప్పుడు కూడా ఆడుతోందా అని చూడండి. పట్టులో ఉన్నప్పుడు ఆగిపోతే పర్వాలేదు.
- *నాలుగు జాస్ ఎత్తు ఒకటిగా లేదు.* పై ముఖాలకి స్కేలు ఆనించి వెలుతురు చూడండి. జా కింద చెత్త లేకపోయినా తేడా ఉంటే జాస్ సెట్ మార్చమని అడగండి. ఆకురాయితో సమం చేద్దామని చూడకండి.
- *స్క్రోల్ ఒక చోట ప్రతిసారీ పట్టేస్తోంది.* కడిగినా అలాగే ఉంటే గాడిలో నొక్కు ఉంది. మార్కర్ రాసి తిప్పితే రంగు పోయిన చోటు తెలుస్తుంది. అక్కడ ఎమిరీతో తేలిగ్గా రుద్దండి.
- *స్క్రోల్‌లోనో బాడీలోనో పగులు, మర సగం పోయింది, స్లైడ్ పట్టులో కూడా ఆడుతోంది.* వీటికి మరమ్మతు లేదు. వెల్డింగ్ చేయించకండి. కొత్తదైతే వెనక్కి ఇవ్వండి, పాతదైతే జాస్, బోల్టులు ఉంచుకుని మిగతాది ఇనప సామాన్లలో వేయండి. స్లైడ్ కొలతలు కలిస్తే ఆ జాస్ తర్వాతి చక్‌కి పనికొస్తాయి.